పక్షవాత రోగి, చేతిలోని ఫోను, గ్రామ పంచాయతీ

గ్రామములో ఒకరికి పక్షవాతము వచ్చినప్పుడు మనకు రెండు వార్తలు వినవచ్చును. "ఆసుపత్రికి తీసికొనిపోయినారు" అనునది మొదటి వార్త. "ఇంటికి తెచ్చినారు, మంచము మీద ఉన్నాడు" అనునది రెండవ వార్త. రెండవ వార్తతో ఆ విషయము ముగిసినట్లు ఇరుగుపొరుగువారు తలంతురు. కాని రోగి తిరిగి నడచునా, తన చేతితో తాను అన్నము తినగలుగునా, మరల అదే వ్యాధి బారిన పడునా అను ప్రశ్నలకు సమాధానము దొరకునది ఇంటికి వచ్చిన తరువాతనే. ఆసుపత్రిలో గడచునవి కొన్ని దినములు. ఇంటిలో గడచునవి నెలలు, సంవత్సరములు.

ఆ నెలలలో రోగికి వైద్యుడు దూరము. వ్యాయామము నేర్పు ఫిజియోథెరపిస్టు అంతకంటె దూరము. దగ్గరగా ఉన్నది ఇంటిలోని చేతిఫోను. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములలో నేడు ఏ పల్లెకు పోయినను ఫోను కనబడును. ఈ ఫోను పక్షవాత రోగికి ఎంతవరకు ఉపకరించును, ఎక్కడ ఉపకరింపదు, అది ఉపకరించుటకు పంచాయతీ సభ్యులు ఏమి చేయవలెను అను మూడు విషయములను ఈ పాఠములో పరిశీలింతము.

వ్యాధి స్వరూపము

మెదడుకు రక్తమును కొనిపోవు నాళము గడ్డచేత మూసికొనిపోయినను, లేక పగిలినను, ఆ నాళముపై ఆధారపడిన భాగము పనిచేయుట మానును. దీనినే మనము పక్షవాతమనియు, నేటి పత్రికలు బ్రెయిన్ స్ట్రోక్ అనియు పిలుచుచున్నవి. ఎక్కువమందిలో నాళము మూసికొనిపోవును, కొందరిలో పగులును. 2006లో ప్రచురితమైన ఒక లెక్క ప్రకారము, పెద్ద నాళము మూసికొనిపోయినప్పుడు చికిత్స లేక గడచు ప్రతి నిమిషమునకు సుమారు 19 లక్షల మెదడు కణములు నశించును.

ఇది పట్టణవాసుల వ్యాధి అను భావము సరికాదు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకు చెందిన 45 గ్రామములలో మరణకారణములను ఇంటింట విచారించినారు. ఆ గ్రామములలో సంభవించిన మరణములలో దాదాపు మూడవ వంతు గుండెకు, రక్తనాళములకు సంబంధించిన వ్యాధులవలన కలిగినవని తేలినది. పక్షవాతము వానిలో ఒక ప్రధాన కారణము.

అధిక రక్తపోటు, మధుమేహము, పొగాకు, మద్యము, గుండె లయ తప్పుట – ఇవి పక్షవాతమునకు దారితీయు ముఖ్య కారణములు. వీనిలో అధిక రక్తపోటు అన్నిటికంటె పెద్దది. అది బాధ పెట్టదు, జ్వరము తేదు. కొలిచిననే గాని తెలియదు. ఒకసారి పక్షవాతము వచ్చినవారికి మరల వచ్చు ప్రమాదము ఇతరులకంటె ఎక్కువ. కాబట్టి నడక వచ్చినదని మాత్రలు మానుట చాలా హానికరము.

మెదడులో నశించిన కణములు తిరిగి పుట్టవు. అయినను మిగిలిన భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనగలవు. నేర్చుకొనుటకు మార్గము అభ్యాసము. చిన్నపిల్లవాడు అక్షరమును దిద్ది దిద్ది నేర్చుకొనునట్లే, రోగి గ్లాసు పట్టుకొనుటను, కుర్చీ నుండి లేచుటను దినమునకు అనేక పర్యాయములు చేసి నేర్చుకొనవలెను. మెరుగుదల మొదటి మూడు నెలలలో వేగముగా ఉండును; ఆరు నెలల తరువాత నెమ్మదించును గాని ఆగిపోదు. ఈ విలువైన మొదటి నెలలలో రోగిని కదలనీయక పరుండబెట్టుట ప్రేమవలన జరుగుచున్న పొరపాటు.

మొదటి గంటలలో ఫోను

నోరు ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక చేయి గాని కాలు గాని హఠాత్తుగా పట్టుతప్పుట, మాట తడబడుట, చూపు మందగించుట, నిలువలేక తూలుట – వీనిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనబడినను 108కి ఫోను చేయవలెను. ఈ సేవ మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. ఫోను చేసినవారు నాలుగు విషయములు స్పష్టముగా చెప్పవలెను: గ్రామము పేరు, అక్కడికి దారి తెలుపు గుర్తు, రోగి చివరిసారిగా బాగుగా ఉన్న సమయము, వాడుచున్న మందులు.

వీనిలో సమయము అత్యంత ముఖ్యము. గడ్డను కరగించు సూదిమందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. ఈ లెక్క రోగిని మనము చూచిన సమయము నుండి కాక, అతడు చివరిసారిగా బాగుగా ఉన్న సమయము నుండి వేయుదురు. పెద్ద నాళములోని గడ్డను తీగద్వారా తొలగించు చికిత్స ఆరు గంటలవరకు, కొందరు ఎంపికచేయబడిన రోగులకు 24 గంటలవరకు, సాధ్యమగును. ఈ రెండును మెదడు స్కాన్ తీసిన పిమ్మటనే జరుగును. కాబట్టి సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే చేర్చుమని 108 సిబ్బందిని అడుగవలెను.

నాళము మూసికొనినదా, పగిలినదా అనునది స్కాన్ లేక ఎవరికిని తెలియదు. అందుచేత ఇంటిలో ఆస్పిరిన్ మాత్ర వేయరాదు. మింగుట కష్టమై ఊపిరితిత్తులలోనికి పోవచ్చును గనుక నీళ్లు, కాఫీ, కషాయము ఏవియు నోటిలో పోయరాదు. పసరు మందునకో, నాటు వైద్యమునకో మొదట తీసికొనిపోయి, మరునాడు ఆసుపత్రికి తెచ్చు అలవాటు మన ప్రాంతములలో ఇంకను ఉన్నది. నాటు వైద్యునిపై ఎవరికెంత నమ్మకమున్నను, ఆ నాలుగున్నర గంటలు పోయిన తరువాత తిరిగి రావు. ఈ మాటను గ్రామసభలో నిర్మొగమాటముగా చెప్పుట సభ్యుల విధి.

ఇంటికి వచ్చిన తరువాత ఫోను చేయగల పనులు

ఒకటి: కాగితములను భద్రపరచుట. ఆసుపత్రివారిచ్చిన చీటీని, స్కాన్ నివేదికను, మాత్రల అట్టలను ఫొటో తీసి ఫోనులో ఉంచవలెను. చీటీ తడిసినను, పోయినను, ఆ ఫొటో చూపినచో ఏ వైద్యుడైనను చికిత్సను కొనసాగింపగలడు.

రెండు: మాత్రలవేళ తెలుపుట. ఫోనులోని గంటను ఉదయము, రాత్రి మాత్రల సమయములకు పెట్టవలెను. అక్షరములు రానివారికి గంటకు బదులు మనుమరాలి గొంతుతో "అవ్వా, మాత్ర వేసుకో" అని రికార్డు చేసి పెట్టవచ్చును. మంచమునుండి కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుటకు గూడ ఈ గంట ఉపకరించును. ఇట్లు త్రిప్పనిచో ఒంటిపై పుండ్లు పడును.

మూడు: వ్యాయామమును లెక్కించుట. ఆసుపత్రిని విడుచునాడే, ఫిజియోథెరపిస్టు అనుమతితో, రోగిచేత వారు చేయించు వ్యాయామములను ఇంటివారు తమ ఫోనులో చిత్రించుకొనవలెను. ఇంటర్నెట్‌లో దొరకు వీడియోలు వేరొక రోగికై తీసినవి. మన రోగికి చెప్పిన వ్యాయామము మన రోగి చిత్రములోనే ఉండును. పిమ్మట ప్రతిదినము ఎన్నిసార్లు చేసినది లెక్కించి వ్రాయవలెను.

నాలుగు: నడకను చూపుట. ప్రతి నెల మొదటి దినమున, ఒకే వాకిటిలో, ఒకే దూరము రోగిని నడిపించి, ప్రక్కన ఒకరు పట్టుకొనుటకు సిద్ధముగా ఉండగా, వీడియో తీయవలెను. దినదినము చూచువారికి మార్పు కనబడదు. రెండు నెలల చిత్రములను ప్రక్కప్రక్కన చూచినప్పుడు మెరుగైనదో, దిగజారినదో తెలియును. ఆ చిత్రము చూచి దూరమున ఉన్న ఫిజియోథెరపిస్టు వ్యాయామము మార్చగలడు.

ఐదు: మాట నేర్పుట. మాట పడిపోయినవాడు తెలివి పోయినవాడు కాడు. చాలమంది మనము చెప్పునది గ్రహింతురు గాని పదము నోటికి రాదు. ఇంటిలోని మనుష్యులు, నీళ్లచెంబు, అన్నము, మరుగుదొడ్డి, దుప్పటి, మాత్ర – వీని ఫొటోలను ఫోనులో ఒకచోట చేర్చినచో, రోగి వ్రేలితో చూపి తన అవసరమును తెలుపగలడు. ఆ ఫొటోలను చూపుచు పేర్లు పలికించుట అభ్యాసము కూడ అగును. దూరదేశములోని కుమారునితో వీడియోలో మాటలాడుట వేడుక మాత్రమే కాక, ముఖమును చూచుచు పలుకు ప్రయత్నము చేయుటకు మంచి అవకాశము.

ఆరు: మనస్సును గమనించుట. పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడవ వంతు మంది ఏదో ఒక కాలమున తీవ్రమైన నిరుత్సాహమునకు లోనగుదురు. ఏడ్పు, నిద్రలేమి, వ్యాయామముపై విముఖత దీని గుర్తులు. దీనిని బద్ధకమని గద్దింపరాదు. 2022 అక్టోబరులో దేశమంతట ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

ఫోను చేయలేని పనులు

రక్తపోటును ఫోను కొలువలేదు. కెమెరాపై వ్రేలు పెట్టిన రక్తపోటు చెప్పుదుమను యాప్‌లు నమ్మదగినవి కావు. మణికట్టు గడియారములు చూపు అంకెలను బట్టి మాత్రలు తగ్గించుట ప్రమాదకరము. మోచేతిపై దండకు పట్టీ చుట్టి కొలుచు యంత్రమే నమ్మదగినది. రోగి ఐదు నిమిషములు కూర్చుండి, వీపు ఆనించి, చేయి బల్లపై ఉంచిన పిదప కొలువవలెను. ఆ అంకెలను పుస్తకములో వ్రాసి, పుటను ఫొటో తీసి వైద్యునికి పంపుట ఫోను పని.

బిగుసుకొనిపోయిన భుజమును ఫోను చూడగలదు గాని పట్టి సరిచేయలేదు. పట్టుతప్పిన చేతిని లాగి రోగిని లేపరాదని ఇంటివారికి మనుష్యుడే చేసి చూపవలెను. పడిపోవు రోగిని ఫోను పట్టుకొనలేదు.

మరియొక ప్రమాదము కలదు. పక్షవాతమును పది దినములలో మాన్పుదుమను ప్రకటనలు ఫోనులోనికి వచ్చుచున్నవి. పింఛను మంజూరైనదని చెప్పి రహస్య సంఖ్యను అడుగు మోసగాండ్రు గలరు. మాట రాని రోగి పేర బ్యాంకు ఖాతా ఉన్న ఇంటివారు ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. ఆ సంఖ్యను ఎవరికిని చెప్పరాదు.

పరిశోధనలు చెప్పునదేమి

యంత్రము ఇచ్చిన చాలునని తలచువారు మూడు భారతీయ పరిశోధనల ఫలితములను తెలిసికొనవలెను.

మొదటిది 2017లో ప్రచురితమైనది. దేశములోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులు పాల్గొనినారు. సగముమంది కుటుంబములకు ఇంటిలో చేయింపవలసిన వ్యాయామములు నేర్పినారు. ఆరు నెలలు గడచునప్పటికి మరణించినవారు, లేక ఇతరులపై ఆధారపడినవారు రెండు వర్గములలోను నూటికి 47 మంది. కుటుంబమునకు కొంతకాలము నేర్పి విడిచినంత మాత్రమున ఫలితము మారలేదని దీనివలన తెలియుచున్నది.

రెండవది 2023లో ప్రచురితమైనది. 31 కేంద్రములలో 4,298 మంది రోగులలో సగముమందికి ఫోను ద్వారా 12 భాషలలో సందేశములు, చిన్న వీడియోలు పంపి, ఒక పుస్తకము కూడ ఇచ్చినారు. ఒక సంవత్సరములో మరల పక్షవాతము, గుండెపోటు మొదలైనవి వచ్చినవారి సంఖ్యలో రెండు వర్గములకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అయినను సందేశములు పొందినవారు మాత్రలు క్రమముగా వాడుటలోను, మద్యము మానుటలోను కొంత మెరుగుగా ఉండిరి.

మూడవది మన రాష్ట్రములోనిదే. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు చేతి ట్యాబ్‌లు ఇచ్చి, రక్తపోటు కొలిపించి, ప్రమాదమున్నవారిని గుర్తింపజేసినారు. ఆశా కార్యకర్తలు ఆ పనిని చక్కగా నేర్చుకొనగలిగిరి. కాని 2019లో ప్రచురితమైన ఫలితములను బట్టి, రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్య ఆశించినంతగా పెరుగలేదు.

ఈ మూటిని చూచి ఫోను వ్యర్థమని తేల్చరాదు. 2019లో అమెరికాలో ప్రచురితమైన మరియొక పరిశోధనను గమనింతము. 11 కేంద్రములకు చెందిన 124 మంది రోగులలో సగముమంది చికిత్సాలయమునకు పోయి, సగముమంది ఇంటిలోనే తెరముందు కూర్చుండి, 36 పర్యాయములు చేతి వ్యాయామము చేసినారు. ఇంటివద్ద చేసినవారి మెరుగుదల చికిత్సాలయమునకు పోయినవారికి తీసిపోలేదు. భేదము ఎక్కడ ఉన్నది? ఆ ఇంటి వ్యాయామములలో సగమునకు తెర ఆవల చికిత్సకుడు ప్రత్యక్షముగా కూర్చుండి, చూచి, సరిదిద్దినాడు.

మాకు తోచిన సారాంశమిది. ఫోను వార్తను చేర్చగలదు. వార్త అందుకొని పనిచేయు మనిషి అటు ఒకరు, ఇటు ఒకరు ఉన్నప్పుడే అది చికిత్స అగును. గుర్తించిన రక్తపోటుకు మాత్ర దొరకవలెను. పంపిన వీడియోకు సమాధానము రావలెను. గంట మ్రోగినప్పుడు నీళ్లు అందించు చేయి ఉండవలెను. ఈ చేతులను సమకూర్చుటయే పంచాయతీ పని.

ఫోను ఎవరి చేతిలో ఉన్నది?

ఇంటిలో ఫోను ఉన్నదనుట వేరు, రోగివద్ద ఉన్నదనుట వేరు. ఒక ఉదాహరణ తీసికొందము. తల్లికి పక్షవాతము. ఇంటిలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను కుమారునిది. అతడు తెల్లవారకముందే టమాటాల బండితో మదనపల్లె మార్కెట్టునకు పోవును. ఉదయము ఎనిమిది గంటలకు మాత్ర వేసికొనుమని మ్రోగు గంట మార్కెట్టులో మ్రోగును. మాత్ర వేసికొనవలసిన తల్లి ఇంటిలో ఉండును. ఫిజియోథెరపిస్టు పంపిన వీడియో రాత్రి పదిగంటలకు ఇల్లు చేరును. అప్పటికి తల్లి నిద్రించును.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో ఎప్పుడైనను ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 49 మంది, స్త్రీలు 21 మంది మాత్రమే. ఆ లెక్క 15 మొదలు 49 సంవత్సరముల వయస్సువారిది. అంతకు పైబడినవారిలో ఈ అలవాటు ఇంకను తక్కువగా ఉండునని ఊహింపవచ్చును. పక్షవాతము ఎక్కువగా వచ్చునదియు ఆ వయస్సువారికే. రోగికి సేవచేయునది చాల ఇండ్లలో కోడలు, భార్య, లేక కుమార్తె. కావున నేర్పవలసినది మొదట వారికి. స్మార్ట్‌ఫోను లేనిచో మీటలున్న సాధారణ ఫోనైనను పగలు రోగివద్ద ఉండవలెను. గంటకును, 108కిని, ఆశా కార్యకర్త పిలుపునకును అది చాలును.

మన ప్రాంతమున ఉన్న ఆధారములు

గ్రామ ఆరోగ్య కేంద్రమునుండి దూరముననున్న వైద్యునితో తెరపై మాటలాడు ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో ప్రారంభమైనది. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వము దూరవైద్యమునకు నియమములు ప్రకటించినది. వానిని బట్టి నమోదైన వైద్యుడు ఫోను, వీడియో ద్వారా సలహా ఇయ్యవచ్చును. కుప్పము ప్రాంతీయ ఆసుపత్రిలో 2025 జూలైలో టాటావారి సహకారముతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైనది. రోగుల వివరములను ఒకచోట చేర్చి, పల్లెలలోని ఆరోగ్య కేంద్రములను వైద్యులతో కలుపుట దీని ఉద్దేశము.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ గలదు. మనవారు తరచుగా పోవు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన పునరావాస కేంద్రము 1966లో ఆరంభమైనది. దానికి కారకురాలైన డాక్టరు మేరీ వర్గీసు 1954లో ప్రమాదమున నడుము క్రింద చలనము కోల్పోయి, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. అవయవము పోయినంత మాత్రమున జీవితము ముగియదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

మదనపల్లె వద్ద ఆరోగ్యవరము చరిత్ర కూడ మనకు పాఠము చెప్పగలదు. క్షయరోగులకై ఆ శానటోరియము 1915లో ఆరంభమైనది. 1950–55 సంవత్సరములలో మదనపల్లె చుట్టుపట్ల గ్రామములలో ఇంటింటికి పోయి క్షయను పరిశీలించిరి; ఆ వివరములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. ఆ దినములలో చేతిఫోను లేదు. ఉన్నవి జాబితా, మరల మరల ఇంటికి పోవు మనిషి. దీర్ఘవ్యాధిని ఎదుర్కొనుటకు ఆ రెండును నేటికిని మూలాధారములు. ఫోను వానికి తోడు.

పంచాయతీ చేయదగిన పనులు

73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఒక అంశము. వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము మరియొకటి. కావున పక్షవాత రోగి విషయము పంచాయతీకి సంబంధించినదే. ఈ క్రింది పనులకు పెద్ద ధనము అక్కరలేదు.

1. జాబితా: గ్రామములో పక్షవాతము వచ్చిన ప్రతివారి పేరు, వచ్చిన తేదీ, వాడు మందులు, సేవచేయువారి ఫోను సంఖ్య ఆశా కార్యకర్తతో కలిసి వ్రాయింపవలెను. ఇది ఆరోగ్య సిబ్బందివద్దనే ఉండవలెను. రోగి వీడియోను గాని, జబ్బు వివరములను గాని గ్రామ వాట్సాప్ సమూహములో పెట్టరాదు.

2. తోడు మనిషి: రోగి ఒక్కొక్కరికి స్వయంసహాయక సంఘములోని చదువుకొన్న మహిళనో, యువకునో తోడుగా నియమింపవలెను. వారానికి ఒక పర్యాయము పోయి రక్తపోటు అంకెలు, వ్యాయామపు లెక్క చూచి, వీడియో పంపుట, వచ్చిన సమాధానమును ఇంటివారికి వివరించుట వారి పని.

3. రక్తపోటు యంత్రము: దండపట్టీ గల యంత్రము ఒకటి గ్రామములో సదా పనిచేయు స్థితిలో ఉండవలెను. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సమితి నిధిని ఇందుకు ఉపయోగించు విషయము ఆ సమితి సమావేశములో చర్చింపవచ్చును.

4. మాత్రలు: రక్తపోటు మాత్రలు నిండుకొనకముందే తెప్పించు బాధ్యత ఎవరిదో పేరుపెట్టి నిర్ణయింపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మాత్రలు లేనిచో ఆ విషయము వైద్యాధికారికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

5. వీడియో దినము: నెలకు రెండు దినములు నిర్ణయించి, ఆరోగ్య కేంద్రమునకు రోగులను చేర్చి, వైద్యునితోను, వీలైనచో ఫిజియోథెరపిస్టుతోను తెరపై మాటలాడించవలెను. సిగ్నలు అందని కొండవాలు పల్లెలవారికి ఇది మిక్కిలి అవసరము.

6. గోడవ్రాత: పక్షవాత లక్షణములు, 108 సంఖ్య, "సమయము గుర్తుంచుకొనుడు" అను మాట పాఠశాల, పాలకేంద్రము, రచ్చబండ వద్ద వ్రాయింపవలెను. చౌడేపల్లె మండలములోని బోయకొండ గంగమ్మ దర్శనమునకు జనులు విశేషముగా వచ్చు దినములలో ఆ ప్రాంతమునందును ఇట్టి ప్రచారము చేయదగును.

7. హక్కులు: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చేతుల, కాళ్ల వైకల్యమునే గాక, మెదడు దెబ్బతినుటవలన శాశ్వతముగా మాట కోల్పోవుటను గూడ వైకల్యముగా గుర్తించినది. తీవ్రమైన పక్షవాతముతో మంచమునకో, చక్రముల కుర్చీకో పరిమితమైనవారికి 2024లో రాష్ట్ర ప్రభుత్వము నెలసరి పింఛనును 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచినది. అర్హులకు ధ్రువపత్రము ఇప్పించుటలో సభ్యులు తోడ్పడవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామములో పక్షవాతము వచ్చినవారు ఎందరు? వారిలో గత నెల రక్తపోటు కొలిపించుకొన్నవారు ఎందరు? పగటివేళ వారివద్ద ఫోను ఉన్నదా? మ్రోగినచో ఎత్తువారెవరు? రాత్రి రెండు గంటలకు ఒకరి నోరు వంకరపోయినచో 108 వాహనమునకు దారి చూపువారెవరు? సి.టి. స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది?

ఈ ఆరు ప్రశ్నలకును సమాధానము పంచాయతీ పుస్తకములో వ్రాసికొని, మూడు నెలలకొకసారి మరల చూచుకొనుడు. మొదటిసారి ఖాళీగా మిగిలిన గడులను చూచి నిరుత్సాహపడవలదు. ఆ ఖాళీలే మన పని ఎక్కడ మొదలిడవలెనో చూపును. మంచముమీద ఉన్నాడని మనము విడిచిన మనిషి మరుసటి గ్రామసభకు చేతికర్రతో నడచివచ్చి కూర్చుండినచో, ఆ దినమున పంచాయతీ చేసిన పనికి వేరు నివేదిక అక్కరలేదు.